నలుగురిలో ముందు ఎవరి దగ్గరికి?

ఉదయం ఏడున్నర. నైట్ డ్యూటీ సిస్టర్ మీకు వార్డు అప్పజెప్పి, బ్యాగు తగిలించుకుని వెళ్లిపోయింది. ఇక నలుగురు రోగుల బాధ్యత మీది. మొదటి ఆయనకు నిన్న పిత్తాశయం ఆపరేషన్ అయింది, నొప్పి పదికి ఎనిమిది ఉందంటున్నాడు. రెండో ఆమె షుగర్ రోగి, పొద్దున పరీక్షలో 210 వచ్చింది, ఇంకా టిఫిన్ తినలేదు. మూడో అతను ఇరవై రెండేళ్ల కుర్రాడు. బండి మీద నుంచి పడి, తొడ ఎముక విరిగి నిన్న చేరాడు. రాత్రంతా బాగానే మాట్లాడాడు. ఇప్పుడు మంచం మీద కుదురుగా ఉండడం లేదు, ఎక్కడున్నావని అడిగితే తడబడుతున్నాడు. నాలుగో ఆయనకు నిమోనియా, యాంటీబయాటిక్ మొదలుపెట్టి ఇది రెండో రోజు, జ్వరం 101 ఉంది. ముందు ఎవరి దగ్గరికి వెళ్తారు?

రేడియో వింటున్న నర్సులు ఒక్క క్షణం ఆలోచించండి. నర్సులు కానివాళ్లు కూడా ఆలోచించండి, పర్వాలేదు.

నేను ముప్పై ఏళ్లకు పైగా నర్సింగు పాఠాలు చెప్పినదాన్ని. రిటైరయ్యాక ఇప్పుడు మా ఇంటి ముందుగదిలో, విదేశాలకు వెళ్లాలనుకునే అమ్మాయిలకు పరీక్ష ప్రశ్నలు చేయిస్తున్నాను. ఈ ప్రశ్న వేసినప్పుడల్లా సగం చేతులు మొదటి ఆయన వైపే లేస్తాయి. "నొప్పి ఎనిమిది మేడమ్, పాపం" అంటారు. కొందరు 210 అనే అంకె చూసి కంగారు పడతారు. జవాబు మాత్రం మూడో కుర్రాడు.

ఎందుకో చెబుతాను. పొట్ట ఆపరేషన్ అయిన మర్నాడు నొప్పి ఉండడం అనుకున్నదే. నిమోనియాకు జ్వరం అనుకున్నదే. షుగర్ రోగికి 210 ఎక్కువే గాని, ఈ అయిదు నిమిషాల్లో ప్రాణం మీదికి తెచ్చేది కాదు. కుర్రాడికి వచ్చింది మాత్రం కొత్త మార్పు. పొడవాటి ఎముక విరిగినప్పుడు, ఒకటి నుంచి మూడు రోజుల లోపల, ఎముక లోపలి కొవ్వు రక్తంలో కలిసి ఊపిరితిత్తుల్లో అడ్డుపడవచ్చు. దాన్ని ఫ్యాట్ ఎంబాలిజం అంటాం. మెదడుకు ఆక్సిజన్ తగ్గుతోందని అందరికంటే ముందు చెప్పేది పెదవుల నీలం రంగు కాదు, ఆ కుదురులేనితనమే. నీలం రంగు కనబడేసరికి చాలా ఆలస్యం అయిపోతుంది.

ఇదీ ఈ రోజు నేను మాట్లాడదలచుకున్న పరీక్ష తీరు. దాని పేరు ఎన్‌క్లెక్స్. అమెరికాలో ఏ రాష్ట్రంలో నర్సుగా లైసెన్సు కావాలన్నా ఇది పాస్ కావాలి. కెనడాలో కూడా చాలా ప్రావిన్సులు 2015 నుంచి దీన్నే పెట్టుకున్నాయి. నడిపేది షికాగోలో ఉన్న నేషనల్ కౌన్సిల్ ఆఫ్ స్టేట్ బోర్డ్స్ ఆఫ్ నర్సింగ్. మనవాళ్లు రాయడానికి హైదరాబాదులోనే పరీక్షా కేంద్రం ఉంది. ఫీజు 200 డాలర్లు, అమెరికా బయట రాస్తే మరో 150. మొత్తం దాదాపు 30 వేల రూపాయలు. మన ప్రైవేటు ఆసుపత్రుల్లో ఎంతమంది స్టాఫ్ నర్సులకు నెలకు అంత జీతం చేతికొస్తుందో వాళ్లకే తెలుసు. అందుకే ఈ పరీక్షను రెండోసారి రాయడం అనేది మన అమ్మాయిలకు చిన్న మాట కాదు. అమెరికాలో చదివినవాళ్లతో పోలిస్తే, బయటి దేశాల్లో చదివి మొదటిసారి రాసినవాళ్లు ఉత్తీర్ణులయ్యే శాతం ఏటా చాలా తక్కువగానే ఉంటోంది.

మన పిల్లలకు చదువు తక్కువా అంటే, కానే కాదు. ఐసీయూలో ఆరేళ్లు చేసిన అమ్మాయికి వెంటిలేటర్ గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. చీకట్లో కూడా నరం దొరకబుచ్చుకుని సెలైన్ ఎక్కించగలిగిన చేతులవి. చిక్కల్లా, మనం చదివిన పరీక్ష వేరు. నిమోనియా అంటే ఏమిటి, కారణాలు, లక్షణాలు, నర్సింగు సేవలు వివరించండి అంటే పది పేజీలు రాసేస్తాం. ఎన్‌క్లెక్స్ ఏ రోజూ అలా అడగదు. నిమోనియా గురించి నీకు తెలుసన్న నమ్మకంతోనే మొదలుపెట్టి, ఇప్పుడు నువ్వేం చేస్తావో చెప్పు అంటుంది. అందుకని దీనికి అభ్యాసం పాఠ్యపుస్తకంతో సరిపోదు. ప్రశ్నలతోనే జరగాలి. సాండర్స్ పుస్తకం గాని, యూవరల్డ్ వంటి ప్రశ్నల బ్యాంకులు గాని అంత ప్రచారంలోకి వచ్చింది అందుకే.

అయితే ఆ ప్రశ్నలు చేసే పద్ధతి దగ్గరే నాకు బాధ కలుగుతుంది.

ఒకమ్మాయి నా దగ్గరికి వచ్చింది. మొదటిసారి తప్పింది. "ఎన్ని ప్రశ్నలు చేశావమ్మా?" అని అడిగాను. "నాలుగు వేలు దాటాయి మేడమ్" అంది. తన ఫోను తీసి చూపించింది. రోజుకు నూట యాభై, ఒక్కోరోజు రెండు వందలు. వాటిలో ఒక తప్పు జవాబు తెరిచి, ఇది ఎందుకు తప్పయిందో చెప్పమన్నాను. కాసేపు చూసి, "సి కాదు మేడమ్, బి" అంది. బి అని నాకూ కనబడుతోంది. సి ఎందుకు కాదు అంటే మాట లేదు. ప్రతి ప్రశ్న కింద అర పేజీ వివరణ ఉంది, సరైన జవాబు ఎందుకు సరైనదో, మిగతా మూడూ ఎందుకు కావో. ఆ అర పేజీకే మనం డబ్బు కడుతున్నది. ఆ అమ్మాయి దాన్ని దాటేసి, పచ్చ టిక్కు, ఎర్ర ఇంటూ చూసుకుంటూ నాలుగు వేల ప్రశ్నలు నడిచిపోయింది. నైట్ డ్యూటీ చేసి వచ్చి, నిద్ర మానుకుని, కళ్లు మండుతుంటే చేసిన శ్రమ అది. తలచుకుంటే ఇప్పటికీ నా కడుపు తరుక్కుపోతుంది.

ఆ రోజు నుంచి ఆమెతో రోజుకు ముప్పై ప్రశ్నలకు మించి చేయించలేదు. ఒక నోటుపుస్తకం కొనిపించాను. తప్పు పోయిన ప్రతి ప్రశ్నకూ ఒక్క వాక్యం రాయాలి, ఎందుకు పోయిందో. విషయం తెలియక పోయిందా, ప్రశ్న సరిగ్గా చదవక పోయిందా, ముందు సరైనది పెట్టి తర్వాత భయంతో మార్చిందా? రెండు వారాలకు ఆ పుస్తకం తిరగేస్తే మా ఇద్దరికీ ఆశ్చర్యం వేసింది. విషయం తెలియక పోయినవి చాలా కొద్ది. ఎక్కువగా పోయినవి ఒకే చోట. జవాబుల్లో "డాక్టరుకు తెలియజేయాలి" అనే మాట ఎక్కడ కనబడినా, ఆమె వేలు దాని మీదికే వెళ్లేది.

ఇది ఆమె ఒక్కరి జబ్బు కాదు. నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరిలోనూ చూశాను. నేనూ అలాగే పెరిగాను. మన వార్డుల్లో మనకు అలవాటైన క్రమం అదే. రోగికి ఏదైనా అయితే ముందు డ్యూటీ డాక్టరుకు ఫోను, ఆయన వచ్చి చూసి కేస్‌షీట్‌లో రాస్తే మనం చేస్తాం. ఇందాకటి కుర్రాడి దగ్గరికే మళ్లీ వెళ్దాం. మంచం దగ్గరికి వెళ్లారు. ఇప్పుడు ముందు ఏం చేస్తారు? డాక్టరుకు ఫోను చేస్తారా, మంచం మీద నుంచి పడకుండా చేతులు కడతారా, కేస్‌షీట్‌లో రాసి ఉన్న మత్తు ఇంజక్షన్ ఇస్తారా, ఆక్సిజన్ పెట్టి శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, శ్వాస చూస్తారా? చేతులు కట్టడం అంటే ఊపిరి అందని మనిషిని కట్టేయడం. మత్తు ఇస్తే ఉన్న శ్వాస కూడా మందగిస్తుంది. ఫోను చేస్తే, "శాచురేషన్ ఎంతమ్మా?" అని డాక్టరు అడుగుతాడు, మీ దగ్గర జవాబు ఉండదు. ముందు ఆక్సిజన్. ఆ తర్వాత, చేతిలో అంకెలతో ఫోను.

అలాగని డాక్టరుకు చెప్పడం ఎప్పుడూ తప్పు జవాబే అని బట్టీ పట్టకండి. కోచింగుల్లో అలా చెప్పేవాళ్లున్నారు, అది ప్రమాదం. చూడవలసినదంతా నర్సు చూసేసిందని ప్రశ్నలోనే ఉండి, చేయగలిగింది చేసేసిందని ఉంటే, ఇక ఫోనే సరైన జవాబు. రక్తం ఎక్కిస్తుండగా చలి, నడుం నొప్పి వచ్చాయంటే ముందు రక్తం ఆపాలి, కొత్త ట్యూబుతో నార్మల్ సెలైన్ పెట్టి నరం నిలబెట్టాలి, అప్పుడు డాక్టరు. ఈ వరస మన అమ్మాయిలకు చేతుల్లో ఉంది. వార్డులో చేసేస్తారు. కాగితం మీదికి వచ్చేసరికి తమ చేతుల్ని తాము నమ్మరు. ప్రాక్టీసు ప్రశ్నలు చేయించడంలో నేను పడే పాట్లలో ముప్పాతిక వంతు ఆ నమ్మకం పుట్టించడానికే.

మనవాళ్లు తడబడే ఇంకో చోటు, మాట. ఒకామెకు రేపు రొమ్ము ఆపరేషన్. "సిస్టర్, నాకు భయంగా ఉంది, నా పిల్లలేమైపోతారో" అంటుంది. మనం ఏమంటాం? "ఏం కాదమ్మా, అంతా బాగైపోతుంది, దేవుడున్నాడు" అంటాం. ఆమె చెయ్యి పట్టుకుని, మనసారా అంటాం. ఆ ప్రశ్నలో ఈ జవాబు కూడా ఉంటుంది, అది తప్పు. సరైన జవాబు, "మీకు అన్నిటికంటే దేని గురించి దిగులుగా ఉందో చెప్పండి" అనేది. మొదటిసారి విన్నప్పుడు మా అమ్మాయిలకు ఇది మింగుడుపడదు. ధైర్యం చెప్పడం తప్పెలా అవుతుంది మేడమ్ అని గట్టిగా వాదిస్తారు. నేను కూడా మొదట్లో లోపల వాదించుకున్నాను. తర్వాత నా సర్వీసు వెనక్కి తిరిగి చూసుకున్నాను. "ఏం కాదమ్మా" అన్నాక ఆ తల్లులు మళ్లీ నోరు తెరిచి తమ భయం చెప్పడం నేను చూడలేదు. ఆ మాటతో నేనే వాళ్ల మాటకు తలుపు వేశాను. పరీక్ష కోసం చేసిన ప్రశ్నే అయినా, నాకు మాత్రం అది రిటైరయ్యాక నేర్చుకున్న పాఠం.

కొన్ని చిక్కులు దేశం మారడం వల్ల వచ్చేవి, వాటిని ఒక వారంలో దాటేయవచ్చు. మన పారాసిటమాల్ అక్కడ అసిటమినోఫెన్. అడ్రినలిన్ వాళ్లకు ఎపినెఫ్రిన్, సాల్బుటమాల్ ఆల్బ్యుటరాల్. పేర్లు రెండు వరసలుగా రాసుకుంటే సరిపోతుంది. పౌండ్లతో మాత్రం జాగ్రత్త. 154 పౌండ్ల మనిషి అంటే 2.2తో భాగించాలి, 70 కిలోలు వస్తుంది. భాగించడం మరిచి కిలోల లెక్కన మందు కడితే రెండింతలు దాటిపోతుంది. తిండి ప్రశ్నలు ఇంకో రకం. రక్తపోటు రోగి ఏది తినకూడదు అని అడిగి, డబ్బా సూపు, హ్యామ్, ఆపిల్ పండు అంటారు. డబ్బా సూపు మా అమ్మాయి జన్మలో చూసి ఉండదు. ఉప్పు వేసి నిలవ చేసినదేదో వెతకమ్మా, మన ఆవకాయ, అప్పడం, వడియం లాంటిది అక్కడ ఏదై ఉంటుంది అంటాను. టక్కున దొరికిపోతుంది.

మరో సంగతి. మన వార్డులో రోగి పక్కన ఒక బంధువు ఉంటాడు, అన్నం తినిపించేది, బాత్రూముకు తీసుకెళ్లేది ఆ మనిషే. పరీక్షలోని వార్డులో బంధువుకు ఆ పనులు లేవు. నర్సింగ్ అసిస్టెంటు ఉంటుంది, ఎల్‌పీఎన్ అనే తక్కువ లైసెన్సు నర్సు ఒకరుంటారు, వాళ్లకు మీరే పని పంచాలి. స్నానం, నడిపించడం, కుదురుగా ఉన్న రోగికి బీపీ చూడడం అసిస్టెంటుకు ఇవ్వవచ్చు. కొత్తగా చేరిన రోగిని మొదటిసారి పరీక్షించడం, ఇంటికి వెళ్లే రోగికి మందుల గురించి బోధించడం, చేసిన చికిత్స పనిచేసిందా అని తేల్చడం, ఇవి మాత్రం ఎవరికీ ఇవ్వకూడదు.

పరీక్ష నడిచే తీరు తెలిస్తే సగం భయం పోతుంది. 1994 వరకు ఇది కాగితం మీద రాసే పరీక్ష. ఆ ఏడాది నుంచి కంప్యూటరు మీదికి వచ్చింది. మీరు సరిగ్గా చెబితే తర్వాతి ప్రశ్న కాస్త కష్టంది ఇస్తుంది, తప్పు చెబితే కాస్త తేలికైంది. అలా పైకీ కిందికీ జరుపుతూ మీరు నిలబడే మెట్టు ఏదో వెతుకుతుంది. మీ స్థాయి పాసు గీతకు పైనుందో కిందుందో 95 శాతం నమ్మకం కుదరగానే ఆపేస్తుంది. తక్కువలో తక్కువ 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150, సమయం అయిదు గంటలు. దాటిన ప్రశ్నకు వెనక్కి వెళ్లడం కుదరదు. కాబట్టి, నాకు అన్నీ కష్టమైన ప్రశ్నలే వచ్చాయి అని ఎవరైనా ఏడిస్తే, అది మంచి గుర్తే కావచ్చు. 85 దగ్గర ఆగిపోయింది, పాసా ఫెయిలా అని నన్ను అడుగుతారు. అక్కడ ఆగినంత మాత్రాన ఏదీ తేలదు. పాసైనవాళ్లకూ ఆగుతుంది, తప్పినవాళ్లకూ ఆగుతుంది.

2023 ఏప్రిల్ 1 నుంచి ఇంకో మార్పు వచ్చింది. ఒకే రోగి కథ ఇచ్చి, ఆ రోగి మీద వరుసగా ఆరు ప్రశ్నలు. నర్సు రాసిన నోట్సు, బీపీ చార్టు, ల్యాబు రిపోర్టులు పక్కనే తెరిచి చూసుకోవచ్చు. అలాంటి కథలు అందరికీ మూడు వస్తాయి. ముందు ఏ లక్షణాన్ని పట్టుకున్నావు, దాన్నిబట్టి ఏం అనుకున్నావు, వాటిలో ముందు ఏది, ఏమేం చేయవచ్చు, ఏది చేశావు, చేశాక ఫలితం ఏమిటి అని ఆరు మెట్లు ఎక్కిస్తారు. నాకు ఈ మార్పు చాలా నచ్చింది. మంచి ఇన్‌ఛార్జి సిస్టర్ రౌండ్లకు వెళ్లినప్పుడు మంచం పక్కన నిలబడి కొత్త పిల్లల్ని అడిగేది అచ్చంగా ఇవే. "వర్తించేవన్నీ ఎంచుకోండి" అనే ప్రశ్నలకు పూర్వం ఒక్కటి తప్పినా సున్నాయే. ఇప్పుడు కొంత మార్కు ఇస్తున్నారు. కాని తప్పుది పట్టుకుంటే ఒకటి కోసేస్తారు, అందుకని అన్నీ నొక్కేసి చూద్దాం అంటే కుదరదు. ఒక్కొక్క జవాబునూ విడిగా తీసుకుని, ఈ రోగికి ఇది నిజమా కాదా అని తేల్చుకుంటూ పోవడమే పద్ధతి.

పరీక్షలో వచ్చిన ప్రశ్నలు ఇవిగో అంటూ ఫోన్లలో ఫైళ్లు అమ్మేవాళ్లు కూడా ఉన్నారు. కొనకండి. పరీక్షకు కూర్చునే ముందు ప్రశ్నలు ఎవరికీ చెప్పనని మీరు ఒప్పుకుని మొదలుపెడతారు. ఆ మాట తప్పితే ఫలితమే రద్దయ్యే ప్రమాదం ఉంది. అది అలా ఉంచి, కంప్యూటరు ఒక్కొక్కరికి ఒక్కో వరస ఇచ్చేచోట ఇంకొకరి ప్రశ్నలు బట్టీ పట్టి ఏం చేస్తారు?

ప్రాక్టీసుకు కూర్చునేటప్పుడు నేను ఒకటే చెబుతాను. ప్రశ్నలో ఉన్నది అంకె కాదు, మనిషి అనుకోండి. ఇరవై రెండేళ్ల కుర్రాడు, విరిగిన తొడ అని చదవగానే మీ వార్డులో అలాంటి కుర్రాడు పడుకున్న మంచం గుర్తు తెచ్చుకోండి. వాళ్లమ్మ ఎక్కడ కూర్చుందో కూడా గుర్తు తెచ్చుకోండి. మర్నాడు డ్యూటీకి వెళ్లాక, నిన్న తప్పు పోయిన ప్రశ్న ఏ మంచం మీదైనా కనబడుతుందేమో చూడండి. నాలుగు వేల ప్రశ్నల అమ్మాయి ఒక ఉదయం నాకు ఫోను చేసి, "మేడమ్, ఆరో నంబరు పేషెంటు రాత్రి నుంచి దుప్పటి లాగుతూనే ఉన్నాడు, ఊరికే చిరాకు పడుతున్నాడని అందరూ అనుకుంటున్నారు. నేను శాచురేషన్ పెట్టి చూశాను, 86 ఉంది" అంది. వెంటనే ఆక్సిజన్ పెట్టి, ఆ తర్వాతే డాక్టరును పిలిచిందట. ఆమె రెండోసారి పరీక్ష రాయడానికి అప్పటికి ఇంకా ఇరవై రోజులుంది. నేను మాత్రం ఆ ఉదయమే నిశ్చింతగా ఉన్నాను. రెండోసారి పాసైంది.

చివరగా ఒక మాట, నర్సులకు కాదు, వాళ్ల ఇళ్లలోవాళ్లకు. మీ కోడలో, భార్యో, కూతురో ఇలాంటి పరీక్షకు చదువుతూ ఉండవచ్చు. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చి, వంట చేసి, పిల్లల్ని పడుకోబెట్టాక ఆమెకు మిగిలేది నిద్రమత్తులో ఉన్న ఒక అరగంట. ముప్పై ప్రశ్నలు చేసి వివరణలు చదవడానికి రెండు గంటలు పడుతుంది. రోజూ ఆ రెండు గంటలు వంటగది మీరు చూసుకోండి, పిల్లల్ని మీరు ఎత్తుకోండి, ఆమె గది తలుపు దగ్గరగా వేసి ఉంచండి.